మెదడు ఎదుగుదలలో కూల్చివేత ఎంజైములు: నిద్రపోతున్న ఒక జన్యువు కథ

ఇల్లు కట్టించినవాళ్లకు స్లాబ్ వేసిన రోజు బాగా గుర్తుంటుంది. చుట్టాలొస్తారు, కూలీలకు భోజనాలు పెడతారు, ఫొటోలు దిగుతారు. సెంట్రింగ్ విప్పిన రోజు మాత్రం ఎవరికీ గుర్తుండదు. కానీ మేస్త్రీని అడిగి చూడండి. ఎన్నో రోజున విప్పాలి, ముందు ఏ కర్ర తీయాలి, ఏది చివరిదాకా ఉంచాలి అన్నవి స్లాబ్ పోసినంత జాగ్రత్తగా చూసుకోవాల్సిన సంగతులంటాడు. తొందరపడితే స్లాబ్ కుంగుతుంది, జాప్యం చేస్తే మిగతా పనంతా ఆగిపోతుంది.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి ఎదిగేటప్పుడు కూడా ఇలాంటి విప్పుడు పని నిరంతరం సాగుతూ ఉంటుంది. డీఎన్ఏలోని సమాచారం ఆర్ఎన్ఏగా, ఆర్ఎన్ఏ నుంచి ప్రొటీన్‌గా మారుతుందని బడిలో చదువుకున్నాం. తయారైన ప్రొటీన్ పని అయిపోయాక ఏమవుతుందన్నది మాత్రం పాఠ్యపుస్తకం చెప్పదు. కొన్ని ప్రొటీన్లు నిమిషాల్లో మాయమవుతాయి, కొన్ని వారాల తరబడి ఉంటాయి. ఏది ఎప్పుడు పోవాలో నిర్ణయించే ఎంజైములు వేరే ఉన్నాయి. వాటిలో ఒక్కటి నాడీకణాల్లో లోపించినా ఒక బిడ్డ జీవితం పూర్తిగా మారిపోతుంది. ఈ వ్యాసం అలాంటి ఒక ఎంజైమ్ గురించి.

కూల్చడానికి శక్తి ఎందుకు?

నేను చదువుకున్నది భౌతికశాస్త్రం. అందుకే ఈ కథలో నన్ను మొదట ఆకట్టుకున్నది ఒక శక్తి లెక్క. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. దాన్ని కలిపి ఉంచే బంధాలు తెగితే శక్తి విడుదలవుతుంది. కొండ మీది రాయిని కిందికి దొర్లించడానికి ఎవరూ పెట్రోలు పోయరు కదా. మనం తిన్న పప్పులోని ప్రొటీన్లను కడుపులో కోసే ఎంజైములు కూడా అదనపు శక్తిని అడగవు. అలాంటిది, 1953లో మెల్విన్ సింప్సన్ అనే శాస్త్రవేత్త ఎలుక కాలేయపు ముక్కల మీద ప్రయోగాలు చేసినప్పుడు వింత ఫలితం వచ్చింది. కణం తన సొంత ప్రొటీన్లను విచ్ఛిన్నం చేసుకోవడానికి శక్తి ఖర్చు పెడుతోంది. కిందికి దొర్లే రాయికి ఇంధనం ఎందుకన్న ప్రశ్న పాతికేళ్లకు పైగా తేలలేదు.

ఆ ఖర్చు ఏటీపీ అనే అణువు రూపంలో జరుగుతుంది. 1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావే. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు.

జవాబు 1970ల చివర్లో, 80ల మొదట్లో దొరికింది. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ సంస్థకు చెందిన అవ్రామ్ హెర్ష్కో, ఆరన్ చెచనోవర్, అమెరికాలోని ఇర్విన్ రోజ్ కలిసి కుందేలు రక్తంలోని లేత ఎర్రకణాలతో ప్రయోగాలు చేశారు. కోయడానికి శక్తి అక్కర్లేదు. దేన్ని కోయాలో ఎంచుకోవడానికి శక్తి కావాలి. కడుపులో ఏది దొరికితే అది కోసేయవచ్చు. కణంలో అలా చేస్తే కణమే మిగలదు. ఈ ముగ్గురికీ 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎంపిక జరిగే తీరు మనకు తెలిసిన దృశ్యాన్నే గుర్తుకు తెస్తుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపాలిటీ వాళ్లు ముందుగా వచ్చి పోవాల్సిన గోడల మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టి వెళతారు. ఆ తర్వాతే జేసీబీ వస్తుంది. కణంలో ఆ ఎర్రరంగు పేరు యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. ఈస్ట్ నుంచి మనిషి దాకా కేంద్రకమున్న కణాలన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి ‘సర్వాంతర్యామి’ అన్న అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. ఈస్ట్‌లోని యుబిక్విటిన్‌కూ మన యుబిక్విటిన్‌కూ మూడంటే మూడు అమైనో ఆమ్లాలే తేడా.

గుర్తు పెట్టే పనిని మూడు రకాల ఎంజైములు పంచుకుంటాయి. ఈ1 ఏటీపీని ఖర్చు చేసి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది. ఈ2 దాన్ని మోసుకొస్తుంది. ఏ ప్రొటీన్‌కు అంటించాలో ఈ3 తేలుస్తుంది. మన శరీరంలో ఈ1లు రెండే ఉన్నాయి, ఈ2లు నలభై దాకా ఉంటాయి, ఈ3లు మాత్రం 600కు పైనే. ఒక్కో ఈ3కి తాను గుర్తుపట్టగల ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. గుర్తు మీద గుర్తు చేరి గొలుసు తయారయ్యాక జేసీబీ వంతు వస్తుంది. దాని పేరు ప్రోటియాజోమ్. పీపాలాంటి ఈ యంత్రం ప్రొటీన్ మడతలు విప్పి లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. యుబిక్విటిన్‌ను మాత్రం ఊడదీసి మళ్లీ వాడుకోవడానికి బయటకు వదిలేస్తుంది.

నాడీకణానికి ఇది మరీ ముఖ్యం

చర్మకణంలో అక్కర్లేని ప్రొటీన్ పేరుకుంటే ఒక దారి ఉంది. కణం రెండుగా చీలితే సరుకు కూడా సగమవుతుంది. నాడీకణం ఒకసారి పరిణతి చెందాక ఇక విభజన చెందదు. పుట్టినప్పటి కణమే ఎనభై ఏళ్లు పనిచేయాలి, తన ఇల్లు తానే ఊడ్చుకోవాలి.

ఇక ఆకారం సంగతి. నాడీకణం ఒక పక్క ఆక్సాన్ అనే పొడవాటి తంతువును సాగదీస్తుంది, మరో పక్క డెండ్రైట్లనే కొమ్మలు వేస్తుంది. వెన్నుపాము నుంచి కాలి వేళ్ల దాకా వెళ్లే ఆక్సాన్ మీటరు పొడవుంటుంది. సాగడం ఎప్పుడు ఆపాలి, ఎక్కడ కొమ్మ వేయాలి, ఏ కొమ్మను తుంచేయాలి అన్నవి చాలావరకు అక్కడి ప్రొటీన్లలో ఏవి ఉంటాయి, ఏవి పోతాయి అన్నదాని మీద ఆధారపడతాయి.

సీడీహెచ్1–ఏపీసీ అనే ఈ3 సంగతి చూడండి. కణవిభజనను నడిపించే ఎంజైమ్‌గా జీవశాస్త్రవేత్తలకు అది చాలా కాలంగా తెలుసు. విభజనే లేని నాడీకణంలో దానికి పనేముంటుంది? 2004లో హార్వర్డ్‌లోని ఆజాద్ బోన్ని బృందం ఎలుక చిన్నమెదడు కణాల్లో దాన్ని తగ్గించి చూసింది. ఆక్సాన్లు మామూలు కంటే పొడవుగా సాగాయి. మామూలుగా పొరలో సమాంతరంగా, పద్ధతిగా ఉండాల్సిన తంతువులు దారి తప్పాయి. ‘ఇక చాలు’ అని చెప్పే ఎంజైమ్ లేకపోతే ఎదుగుదల ఆగదన్నమాట. ఈగల్లో కూడా ఇలాంటిదే కనిపించింది. హైవైర్ అనే జన్యువు దెబ్బతిన్న ఈగల్లో నాడీకణం కండరాన్ని తాకే చోట సినాప్స్‌లు, అంటే కణాల మధ్య సమాచారం చేతులు మారే కూడళ్లు, గుబురుగా అతిగా పెరిగిపోయాయి. హైవైర్ తయారుచేసేది కూడా ఒక ఈ3నే.

ఇవి ప్రయోగశాలలో గమనించిన సంగతులు. మనుషుల ఇళ్లలో కనిపించేది యూబీఈ3ఏ అనే ఈ3 కథ.

నవ్వే పిల్లలు

ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ పట్టణంలో హ్యారీ ఏంజెల్మన్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. వేర్వేరు సమయాల్లో తన వార్డుకు వచ్చిన ముగ్గురు పిల్లల్లో ఆయనకు ఏదో పోలిక కనిపించింది. మాటలు రాలేదు, నడక కుదుపులు కుదుపులుగా ఉంది, మూర్ఛలు వస్తున్నాయి, అయినా ముఖాన నవ్వు చెరగదు. ముగ్గురిదీ ఒకే జబ్బని ఆయనకు అనిపించింది, నిరూపించే దారి లేదు. సెలవుల్లో ఇటలీ వెళ్లినప్పుడు వెరోనా నగరంలోని మ్యూజియంలో, కీలుబొమ్మ లాంటి బొమ్మ గీసిన కాగితం చేతిలో పట్టుకుని నవ్వుతున్న పిల్లవాడి పాత వర్ణచిత్రం చూశారు. తిరిగొచ్చి 1965లో ఆ ముగ్గురి గురించి ‘కీలుబొమ్మ పిల్లలు’ అన్న పేరుతో వ్యాసం ప్రచురించారు. ఆ పేరు తల్లిదండ్రులకు నచ్చలేదు, నచ్చనందుకు తప్పు పట్టలేం. ఇప్పుడు దీన్ని ఏంజెల్మన్ సిండ్రోమ్ అంటున్నారు. సుమారు 15,000 మందిలో ఒకరికి వస్తుందని అంచనా.

ఈ పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. ఆరు నెలలు దాటాక కూర్చోవడం, పాకడం ఆలస్యమవుతుంది. నిద్ర తక్కువ. నీళ్లంటే చాలామందికి విపరీతమైన ఇష్టం. ఎంఆర్ఐ తీస్తే తరచూ అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపం ఎంఆర్ఐకి కనిపించే స్థాయిలో ఉండదు, సినాప్స్‌ల స్థాయిలో ఉంటుంది. ఈఈజీలో మాత్రం సెకనుకు రెండు మూడు సార్లు లేచిపడే పెద్ద డెల్టా తరంగాలు కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టే డాక్టరు దొరికితే జబ్బు త్వరగా తెలుస్తుంది.

కారణమైన జన్యువు 1997లో బయటపడింది. విచిత్రమేమిటంటే అది తయారుచేసే ఎంజైమ్ శాస్త్రవేత్తలకు అప్పటికే పరిచయం, అదీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరిశోధనలో! ఆ క్యాన్సర్ కలిగించే హ్యూమన్ పాపిలోమా వైరస్ తన ఈ6 ప్రొటీన్‌తో మన కణంలోని ఒక ఈ3ని లొంగదీసుకుని, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రొటీన్‌కు ఎర్రరంగు గుర్తు వేయిస్తుంది. 1993లో గుర్తించిన ఆ ఈ3నే తర్వాత యూబీఈ3ఏగా తేలింది. వైరస్ దుర్వినియోగం చేసిన ఎంజైమ్‌కు మెదడులో అసలు పని వేరే ఉందని నాలుగేళ్ల తర్వాత తెలిసిందన్నమాట.

అమ్మ కాపీ, నాన్న కాపీ

యూబీఈ3ఏ జన్యువు 15వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ప్రతి ఒక్కరికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. చాలా జన్యువుల విషయంలో రెండూ పనిచేస్తాయి. ఒకటి చెడితే ఇంకొకటి ఆదుకుంటుంది. యూబీఈ3ఏ కూడా శరీరంలో చాలా చోట్ల అలాగే ఉంటుంది, నాడీకణాల్లో తప్ప. నాడీకణాల్లో తల్లి కాపీ ఒక్కటే పనిచేస్తుంది. తండ్రి కాపీలో అక్షరం కూడా తప్పు ఉండదు, కానీ అది మూగబోయి ఉంటుంది. ఎదురు దిశ నుంచి తయారయ్యే ఒక పొడవాటి ఆర్ఎన్ఏ దాన్ని నోరెత్తనివ్వదు.

దాంతో నాడీకణం ఒకే కాపీ మీద బతుకుతుంది. స్టెప్నీ టైరు డిక్కీలోనే ఉంది, డిక్కీకి తాళం పడింది. ప్రకృతి ఇలాంటి ఏర్పాటు ఎందుకు చేసిందన్నదానికి పలు సిద్ధాంతాలున్నాయి. నాకైతే ఏదీ పూర్తిగా తృప్తినివ్వలేదు.

దాదాపు 70 శాతం మంది పిల్లల్లో తల్లి నుంచి వచ్చిన 15వ క్రోమోజోమ్‌లో ఈ జన్యువున్న ముక్క మొత్తం ఊడిపోయి ఉంటుంది. మరో పది శాతం దాకా పిల్లల్లో జన్యువులోనే మార్పు ఉంటుంది. మిగిలినవారివి వేరే అరుదైన కారణాలు. ఊడిపోయిన ముక్క తండ్రి వైపుదైతే ఏంజెల్మన్ రాదు. ఆ ప్రాంతంలో తండ్రి వైపు నుంచే పనిచేసే వేరే జన్యువులుంటాయి కాబట్టి ప్రాడర్–విల్లీ అనే వేరే జబ్బు వస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. ‘తల్లి నుంచి వచ్చిన కాపీలో లోపం’ అని డాక్టరు అనగానే మన ఇళ్లలో దాని అర్థం క్షణంలో మారిపోతుంది. ‘తల్లి వల్ల వచ్చింది’ అయిపోతుంది. ఆ మాట అత్తగారి నోట, ఆడపడుచు నోట ఎలా పెరుగుతుందో అందరికీ తెలుసు. నిజానికి ముక్క ఊడిపోవడమన్నది అండం తయారయ్యేటప్పుడు దాదాపు ఎప్పుడూ యాదృచ్ఛికంగా జరిగేదే. తల్లి తిన్నదానికీ, చేసిన పనికీ, గ్రహణం రోజు బయటకు వచ్చిందా లేదా అన్నదానికీ సంబంధం లేదు. అలాంటి కుటుంబంలో తర్వాతి బిడ్డకు మళ్లీ వచ్చే అవకాశం ఒక శాతం కంటే తక్కువ.

మేనరికం చేసుకోవడం వల్ల వచ్చిందా అని కూడా మనవాళ్లు అడుగుతారు. ఇద్దరి నుంచీ దెబ్బతిన్న కాపీలే వస్తే కలిగే జబ్బుల విషయంలో ఆ భయం సరైనదే. ఏంజెల్మన్ ఆ కోవకు చెందదు.

జన్యువులోనే మార్పు ఉన్న కుటుంబాల లెక్క వేరు. ఆ మార్పు తల్లిలో ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం. మరి తల్లి ఎలా ఆరోగ్యంగా ఉంది? ఆమెకు అది తన తండ్రి నుంచి వచ్చి ఉంటే, ఆమె నాడీకణాల్లో ఆ కాపీ ఎలాగూ మూగగానే ఉంటుంది. అలా మగవారి గుండా తరాల పాటు చడీచప్పుడు లేకుండా ప్రయాణించిన మార్పు, ఒక ఆడబిడ్డ గుండా తర్వాతి తరానికి వెళ్లినప్పుడే బయటపడుతుంది. అందుకే ఏ రకమో తేల్చే జన్యు పరీక్ష ముఖ్యం. డీఎన్ఏ మిథైలేషన్ పరీక్షలో సుమారు 80 శాతం కేసులు తెలిసిపోతాయి. మిగిలినవారికి జన్యువును అక్షరం అక్షరంగా చదవాలి. ఆ నివేదికను జన్యు సలహాదారు ఎదుట, భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని వినడం మంచిది. ఒక్కరే విని ఇంటికి మోసుకెళ్లాల్సిన మాట కాదు అది.

ఎంజైమ్ లేకపోతే సినాప్స్‌లో ఏమవుతుంది?

1998లో అమెరికాలోని ఆర్థర్ బోడే బృందం తల్లి కాపీ లేని ఎలుకలను తయారుచేసింది. వాటి నడక తూలింది, నేర్చుకోవడం తగ్గింది. అదే లోపం తండ్రి నుంచి వచ్చిన ఎలుకలు మామూలుగానే ఉన్నాయి. తర్వాత చూస్తే ఇలాంటి ఎలుకల డెండ్రైట్ల మీద సినాప్స్‌లకు ఆధారమైన బుడిపెలు తక్కువగా ఉన్నాయి. 2009లో దృష్టికి సంబంధించిన మెదడు భాగాన్ని పరిశీలించినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. కళ్లకు వెలుతురు, దృశ్యాలు అందుతున్న కొద్దీ సినాప్స్‌లు ముదరాలి. యూబీఈ3ఏ లేకపోతే ఆ అనుభవంతో వచ్చే ముదురుదల సరిగా జరగడం లేదు. నాడీకణాలు పుడుతున్నాయి, ఉండాల్సిన చోటికి చేరుతున్నాయి, అనుభవం నుంచి పాఠం తీసుకోవడం దగ్గరే తడబడుతున్నాయి.

మరి యూబీఈ3ఏ ఏ ప్రొటీన్‌కు గుర్తు వేస్తుంది? 2010లో హార్వర్డ్ నుంచి చక్కటి జవాబు వచ్చింది. ఆర్క్ అనే ప్రొటీన్ సినాప్స్ ఉపరితలం నుంచి సంకేతాలు అందుకునే గ్రాహకాలను లోపలికి లాగేస్తుంది. యూబీఈ3ఏ ఆ ఆర్క్‌ను తొలగిస్తుంది. ఎంజైమ్ లేకపోతే ఆర్క్ పేరుకుని గ్రాహకాలు తగ్గి సినాప్స్ బలహీనపడుతుంది. కథ అచ్చంగా అతికినట్టుంది. కానీ 2013లో మరో బృందం, యూబీఈ3ఏ ఆర్క్‌కు నేరుగా గుర్తు వేయడం తమకు కనిపించలేదని, ఆర్క్ తయారీ స్థాయిలోనే తేడా వస్తోందని చెప్పింది. అసలు లక్ష్యాలేమిటన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఈ3 తన లక్ష్యాన్ని తాకేది క్షణకాలమే. తాకిన లక్ష్యం కాసేపటికి ఉండదు. ఆధారాన్నే మాయం చేసే నిందితుడిని పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

మన దేశంలోనూ దీని మీద పరిశోధన జరిగింది. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో నిహార్ రంజన్ జానా బృందం యూబీఈ3ఏ లేని ఎలుకలను అధ్యయనం చేసింది. ఒత్తిడి హార్మోన్లకు స్పందించే వ్యవస్థ వాటిలో సరిగా పనిచేయడం లేదని, అందుకే ఆందోళన ఎక్కువగా ఉందని 2012లో ప్రచురించింది. ఎప్పుడూ నవ్వుతూ కనిపించే పిల్లల లోపల ఆందోళన ఉండవచ్చన్న సంగతిని వాళ్లను పెంచే తల్లిదండ్రులు బహుశా ముందే గమనించి ఉంటారు.

మూగ కాపీని మేల్కొలపడం

తండ్రి కాపీ చెక్కుచెదరకుండా ఉందన్న సంగతే ఇక్కడ ఆశకు ఆధారం. కొత్త జన్యువును బయటి నుంచి తేనక్కర్లేదు, ఉన్నదాన్ని లేపితే చాలు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం బృందం ఎలుక తండ్రి కాపీకి మెరిసే ప్రొటీన్ తగిలించి, రెండు వేలకు పైగా రసాయనాలను ఒక్కొక్కటిగా నాడీకణాల మీద పరీక్షించింది. ఏదైనా మందు ఆ కాపీని లేపితే కణం మెరుస్తుంది. టోపోటెకాన్ వంటి క్యాన్సర్ మందులు ఆ మెరుపు తెప్పించాయని 2012లో ప్రకటించారు. కాకపోతే అవి ఇతర జన్యువుల మీద కూడా ప్రభావం చూపుతాయి. చిన్నపిల్లలకు ఏళ్ల తరబడి ఇవ్వగలిగిన మందులు కావవి.

2015లో బోడే బృందం ఇంకా సూటి దారి చూపింది. తండ్రి కాపీని నొక్కిపెట్టే పొడవాటి ఆర్ఎన్ఏకు సరిగ్గా అతుక్కునే చిన్న డీఎన్ఏ లాంటి తునక తయారుచేసి ఎలుక మెదడులోకి పంపారు. అడ్డుగా ఉన్న ఆర్ఎన్ఏ తగ్గింది, తండ్రి కాపీ కొంత పనిచేసింది, జ్ఞాపకశక్తి లోపం కొంత మెరుగైంది. ఇదే పద్ధతిలో తయారైన మందులు ఇప్పుడు పిల్లల మీద మూడో దశ పరీక్షల దాకా వచ్చాయి. దారి సాఫీగా ఏమీ లేదు. 2020లో ఒక పరీక్షలో ఎక్కువ మోతాదు తీసుకున్న పిల్లలకు కాళ్లు బలహీనపడటంతో దాన్ని ఆపేశారు. ఆ బలహీనత తగ్గిపోయాక మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఈ మందులు రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేవు. నడుము దగ్గర వెన్నులోని ద్రవంలోకి సూదితో ఇవ్వాలి. అడ్డుకునే ఆర్ఎన్ఏ మళ్లీ మళ్లీ తయారవుతూనే ఉంటుంది కాబట్టి సూదీ మళ్లీ మళ్లీ వేయాలి.

ఎంత లేపాలన్నది ఇంకో చిక్కు. 15వ క్రోమోజోమ్‌లోని ఇదే ముక్క తల్లి వైపు నుంచి అదనంగా వచ్చిన పిల్లలకు ఆటిజం, మూర్ఛలు వస్తాయి. అక్కడ యూబీఈ3ఏ మోతాదు మించడం ఒక కారణమని భావిస్తున్నారు. తక్కువైనా ఎక్కువైనా నాడీకణం ఓర్చుకోదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఎప్పుడు లేపాలన్నది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఇప్ ఎల్గర్స్మా బృందం, కోరిన వయసులో యూబీఈ3ఏను తిరిగి పనిచేయించగల ఎలుకలను తయారుచేసింది. 2015లో వచ్చిన ఫలితాలు ఇవి: పుట్టకముందే ఎంజైమ్‌ను తిరిగి ఇస్తే దాదాపు అన్ని లక్షణాలూ సర్దుకున్నాయి. కౌమారంలో ఇస్తే నడక బాగుపడింది, ఆందోళన, మూర్ఛ తత్వం మిగిలిపోయాయి. పెద్దయ్యాక ఇస్తే నడకా బాగుపడలేదు. అయితే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో సినాప్స్‌ల మారే గుణం మాత్రం ఏ వయసులో ఇచ్చినా తిరిగొచ్చింది.

ఎలుక వారాలను మనిషి ఏళ్లలోకి మార్చే సూత్రమేదీ లేదు. పదేళ్ల బిడ్డకు ఇస్తే ఏ లక్షణం సర్దుకుంటుంది, ఏది మిగులుతుంది అన్నది మనుషుల పరీక్షల్లోనే తేలాలి. వాటిలో కొలిచేవి చాలా చిన్న విషయాలు: ఈఈజీలో ఆ డెల్టా తరంగాల ఎత్తు తగ్గిందా, బిడ్డ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది, కావాల్సిన వస్తువును వేలితో చూపించి అడగగలిగిందా.